జార్జియా పద్ధతిలో కాలర్డ్ గ్రీన్స్ వండటం ఎలా: ఆకు ఒక్కటే కాదు, కట్టు కూడా

అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫరెట్టా, కమింగ్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పాలకూర ఉంటుంది, మెంతికూర ఉంటుంది, పెరట్లో గోంగూర కూడా ఉంటుంది. కానీ అక్కడి సూపర్ మార్కెట్లలో విసనకర్రంత ఆకులతో కట్టలు కట్టి పెట్టే కాలర్డ్ గ్రీన్స్ మనవాళ్ళ బండిలో పడటం నేను పెద్దగా చూడలేదు. ఎందుకో నాకు తెలుసు. నేను మొదటిసారి కొన్నప్పుడు తోటకూర తరిగినట్టే తరిగి, పోపులో వేసి, మూతపెట్టి పది నిమిషాల్లో దించేశాను. ఆకు ఎంత నమిలినా నలగలేదు. చేదుగా ఉంది, పైగా పళ్ళ కింద ఇసుక. ఆ తర్వాత మూడేళ్ళు దాని జోలికే పోలేదు.

నా అభిప్రాయం మార్చింది మా పక్కింటి పెద్దావిడ. ఒక జనవరి 1న గిన్నెడు ఆకుకూర, ఓ ముక్క కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న పిండి రొట్టె, తెచ్చి ఇచ్చారు. ఆకు వెన్నలా ఉంది. దాని చుట్టూ ఉన్న పలచటి ముదురు రంగు రసం తాగుతుంటే నాకు అమ్మ చేసే పప్పు కట్టు గుర్తొచ్చింది. మరుసటి వారం వాళ్ళింటికెళ్ళి పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆవిడ పద్ధతే, మనింటి పొయ్యికీ గిన్నెలకీ సరిపోయేలా.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ వంటలో ఆకు ఎంతో, ఆకు ఉడికిన నీళ్ళూ అంతే. ఆ నీళ్ళని అక్కడివాళ్ళు పాట్‌లిక్కర్ అంటారు. పేరులో లిక్కర్ ఉన్నా మద్యానికీ దానికీ సంబంధం లేదు, కుండలోని రసం అని అర్థం. మన ఉలవచారు పుట్టుక తెలిసినవాళ్ళకి దీని కథ వెంటనే అర్థమవుతుంది. ఎడ్ల కోసం ఉలవలు ఉడకబెడితే మిగిలిన కట్టుని రైతు ఇల్లు చారు కాచుకుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వం ఉన్న రోజుల్లో ఆకు యజమాని బల్లమీదికి వెళ్ళేది, కుండలో మిగిలిన రసం వండినవాళ్ళ పిల్లల కడుపు నింపేది. కాలర్డ్ మొక్క యూరప్ వైపు నుంచి వచ్చింది. కానీ ఆకుల్ని ఇలా పొగ వాసన ఉన్న మాంసంతో గంటలతరబడి ఉడికించి, రసంతో సహా తినే పద్ధతి ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చినవాళ్ళ చేతుల్లో రూపుదిద్దుకుంది. మనం రోజూ తినే అలసందలు కూడా ఆఫ్రికావే, బెండకాయ కూడా అక్కడిదేనని చాలామంది అంటారు, రెండూ అమెరికాకి వెళ్ళింది ఆ దారినే. అందుకే అమెరికా దక్షిణాది బల్లమీద కూర్చుంటే మనకి అంత కొత్తగా అనిపించదు.

ఏమేం కావాలి

ఆరుగురికి సరిపడా కావాలంటే పెద్ద కట్టలు రెండు, అంటే సుమారు ఒక కిలో ఆకు తీసుకోండి. ఈనెలు తీసేశాక తగ్గుతుంది, ఉడికాక ఇంకా తగ్గుతుంది. గిన్నె నిండా పొంగిపొర్లిన ఆకు చివరికి పావు గిన్నె అవుతుంది కాబట్టి ఎక్కువైందని భయపడకండి.

రసానికి పొగబెట్టిన టర్కీ రెక్కలో, కాలో అర కిలో నుంచి ముప్పావు కిలో. పాతకాలం పద్ధతిలో అయితే హామ్ హాక్ వేస్తారు, అంటే పంది కాలి కింది భాగాన్ని ఉప్పువేసి పొగబెట్టినది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో టర్కీయే వాడుతున్నారు. పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు ఐదారు, నూనె రెండు టేబుల్ స్పూన్లు, చిల్లీ ఫ్లేక్స్ అర టీస్పూను, మిరియాల పొడి కొంచెం, చక్కెర ఒక టీస్పూను, యాపిల్ సైడర్ వెనిగర్ ఒకటి రెండు టేబుల్ స్పూన్లు, నీళ్ళు రెండు లీటర్లు. ఉప్పు చివర్లో చూసుకుందాం.

నూనెకి వేరుశనగ నూనె తీసుకోమంటాను. అమెరికాలో వేరుశనగ ఎక్కువగా పండేది జార్జియాలోనే, మనకేమో అది ఇంటి నూనె.

పసుపు, ధనియాల పొడి, జీలకర్ర, గరం మసాలా ఏవీ వద్దు. చెయ్యి ఆ డబ్బా వైపు వెళ్తుంది, నాకు తెలుసు. ఈసారికి ఆపుకోండి. ఈ కూర ప్రాణమంతా ఆ పొగ వాసనలోనే ఉంది, మసాలా తగిలితే అది అణిగిపోతుంది.

ఆకు ఎంచుకోవడం

ఆకు ముదురాకుపచ్చగా, బిరుసుగా ఉండాలి. అంచులు పసుపు తిరిగినవి, కాడ చివర ఎండి చీలినవి వదిలేయండి. మధ్యస్థంగా ఉన్న ఆకు మంచిది, మరీ పెద్దది ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. చలికాలం ఆకు రుచే వేరు. మంచు పడ్డాక కోసిన ఆకు తియ్యగా ఉంటుందని అక్కడి రైతులు చెప్పేది ఉత్త నమ్మకం కాదు. చలికి గడ్డకట్టకుండా ఉండటానికి మొక్క తనలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చుకుంటుంది. వేసవిలో కొంటే చేదు కాస్త ఎక్కువుంటుంది, అప్పుడు పైన చెప్పిన చక్కెర ఇంకో అర స్పూను పెంచండి.

మొదట రసం, తర్వాతే ఆకు

అందరూ తొందరపడేది ఇక్కడే. ఆకు, మాంసం, నీళ్ళు అన్నీ ఒకేసారి వేసి పొయ్యిమీద పెడితే మాంసం ఉడికేలోపు ఆకు ముద్దైపోతుంది, లేదా ఆకు సరిగ్గా ఉండగానే దించితే నీళ్ళు చప్పగా ఉంటాయి.

అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో నూనె వేడిచేసి, ఉల్లిపాయ ముక్కలు వేసి అంచులు గోధుమ రంగు వచ్చేదాకా వేయించండి. వెల్లుల్లి చితగ్గొట్టి వేసి అర నిమిషం తిప్పండి. చిల్లీ ఫ్లేక్స్ వేయండి. వెంటనే టర్కీ ముక్కలు పెట్టి, నీళ్ళు పోసి, ఒక పొంగు రానిచ్చి, సెగ తగ్గించి మూత వారగా పెట్టండి. గంట నుంచి గంటన్నర అలా సన్నసెగమీద ఉండాలి. మాంసం ఎముకని వదిలేంతవరకు.

మా పక్కింటావిడ ఇక్కడ చేసిన పని నాకిప్పటికీ కళ్ళముందుంది. గరిటె వెనకవైపు రసంలో ముంచి, నాలుకకి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. తల అడ్డంగా ఊపి మళ్ళీ మూత పెట్టారు. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ అదే పని. మూడోసారి చూసినప్పుడు, "ఇప్పుడు వెయ్యి హనీ. నీళ్ళకి రుచి రాకపోతే ఆకు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది?" అన్నారు. మీరూ అలాగే రుచి చూడండి. రసం ఒక్కటే కప్పులో పోసి ఇస్తే తాగాలనిపించాలి. అప్పటిదాకా ఆకు వేయొద్దు.

టైం లేనివాళ్ళు రసం వరకు కుక్కర్‌లోనో ఇన్‌స్టంట్ పాట్‌లోనో చేసుకోవచ్చు. ఆకు మాత్రం మామూలు గిన్నెలోనే ఉడికించండి. కుక్కర్‌లో అయితే ఎక్కడ ఆపాలో తెలియదు.

ఇసుక పోగొట్టడం

రసం మరుగుతుండగా ఈ పని చూసుకోండి. కాలర్డ్ ఆకు వెనకాల ఈనెల సందుల్లో ఇసుక పట్టుకుని ఉంటుంది. కుళాయి కింద పట్టి కడిగితే పోదు. సింకు శుభ్రంగా కడిగి, నిండా చల్లటి నీళ్ళు పట్టి, ఆకులన్నీ ముంచి చేత్తో బాగా జాడించండి. రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇసుక అడుగుకి దిగుతుంది. అప్పుడు ఆకుని పైకి ఎత్తి పక్క గిన్నెలో పెట్టుకుని, నీళ్ళు వదిలేయండి. ఆకు అందులో ఉండగా నీళ్ళు వదిలారంటే దిగిన ఇసుకంతా మళ్ళీ ఆకుకే అంటుకుంటుంది.

ఇలా కనీసం మూడుసార్లు. అడుగున వేలితో రాసి చూడండి, గరుకు తగలకపోతే అయిపోయినట్టు. మొదటి నీళ్ళల్లో గుప్పెడు ఉప్పు వేస్తే ఆకుమీద ఉన్న చిన్న పురుగులు కూడా వదులుతాయి. "కడిగినది" అని రాసి ఉన్న ప్యాకెట్ కొన్నా సరే, ఒక్కసారైనా ముంచి చూడండి.

ఈనె తీయడం, తరగడం

మధ్య ఈనె వేలి మందంతో ఉంటుంది. దాన్ని ఆకుతోపాటు వేస్తే ఆకు మెత్తబడ్డాక కూడా ఈనె కరకరలాడుతూనే ఉంటుంది. కత్తి అవసరం లేదు. ఎడమచేత్తో కాడ చివర పట్టుకోండి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఈనెని బిగించి కింది నుంచి పైకి ఒక్క లాగు లాగండి. ఆకు రెండు పక్కలా చర్రున ఊడి చేతిలోకి వస్తుంది. నాలుగైదు ఆకులకి అలవాటైపోతుంది. ఆవిడ టీవీ చూస్తూ చేసేవారు, కళ్ళు కిందికి దించకుండానే.

ఈనెలు పారేయకండి. సన్నగా తరిగి ఆకు కంటే పావుగంట ముందు రసంలో వేస్తే ఉడుకుతాయి. లేదంటే మన పద్ధతిలో పప్పులోకి పనికొస్తాయి.

ఆకులు ఐదారు ఒకదానిమీద ఒకటి పెట్టి, చాపలా చుట్టి, అర అంగుళం వెడల్పున అడ్డంగా కోయండి. తోటకూర తరిగినంత సన్నగా వద్దు. ఇంతసేపు ఉడికే ఆకు కాబట్టి సన్నగా తరిగితే ఆనవాలు లేకుండా పోతుంది.

ఆకు ఉడకడం

ఎముకలు, తొక్క తీసేసి, మాంసాన్ని చేత్తో పీచులుగా విడదీసి మళ్ళీ రసంలో వేయండి. ఇప్పుడు ఆకు. మొత్తం పట్టదు, గుప్పెళ్ళతో కొంచెం కొంచెంగా వేస్తూ గరిటెతో కిందికి నొక్కండి. రెండు నిమిషాల్లో కుదించుకుపోయి తర్వాతి గుప్పెడికి చోటిస్తుంది. ఆకంతా వేశాక రసం ఆకుకి కొంచెం కిందుగా ఉండాలి. తక్కువనిపిస్తే వేడినీళ్ళు పోయండి. మిరియాల పొడి, చక్కెర వేసి, మూతపెట్టి సన్నసెగమీద 45 నిమిషాలు ఉంచండి. ముదురాకైతే గంటన్నర కూడా పడుతుంది. మధ్యలో నాలుగైదుసార్లు కలపండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక ముక్క నాలుకమీద పెట్టుకుని అంగిలికి నొక్కండి. నమలకుండానే లొంగాలి, కానీ ముక్క ముక్కలాగే ఉండాలి. గుజ్జయిందంటే దాటిపోయింది.

రంగు గురించి టెన్షన్ పడకండి. పచ్చగా ఉన్న ఆకు ముదురు ఆలివ్ రంగులోకి తిరుగుతుంది. ఆకుపచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్‌లో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఎక్కువసేపు వేడి తగిలితే అది ఊడిపోతుంది, రంగు అలా మారుతుంది. పచ్చగానే ఉండాలని కొందరు వంటసోడా వేస్తారు. రంగు నిలుస్తుంది గానీ ఆకు జిగురుగా అయిపోతుంది, విటమిన్లు కూడా పోతాయి. వద్దే వద్దు.

క్యాబేజీ ఉడికినప్పటి వాసనే ఇల్లంతా వస్తుంది. రెండూ ఒకే జాతి మొక్కలు, క్యాలీఫ్లవర్, కేల్ కూడా ఆ కుటుంబమే. కిటికీ తీసి పెట్టుకోండి, అంతకంటే చేసేదేమీ లేదు.

ఉప్పు, పులుపు చివర్లో

పొగబెట్టిన మాంసంలో ఉప్పు బాగా ఉంటుంది. మొదట్లోనే ఉప్పు వేస్తే రసం ఇంకాక నోట్లో పెట్టుకోలేం. ఆకు ఉడికాక రుచి చూసి, అవసరమైతేనే వేయండి. వెనిగర్ కూడా దించే ముందే. పులుపు ముందు పడితే ఆకు మెత్తబడదు. చింతపండు పులుసు ముందే పోస్తే కందిపప్పు ఉడకదని మనకి తెలుసు కదా, ఇక్కడా అదే. ఒక టేబుల్ స్పూను వేసి కలిపి, ఐదు నిమిషాలాగి రుచి చూసి, చాలకపోతే ఇంకొంచెం.

దక్షిణాది ఇళ్ళల్లో బల్లమీద పెప్పర్ వెనిగర్ సీసా ఉంటుంది. మనకి అది ఐదు నిమిషాల పని. శుభ్రమైన గాజు సీసాలో చిన్న పచ్చిమిరపకాయలు గాటుపెట్టి నింపి, వేడి వెనిగర్ మునిగేలా పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు వారాలకి ఘాటు దిగుతుంది. ఎవరి పళ్ళెంలో వాళ్ళు నాలుగు చుక్కలు చల్లుకుంటారు. నాకైతే కూరకంటే ముందు ఈ సీసానే గుర్తొస్తుంది.

మాంసం తిననివాళ్ళకి

ముందు ఒక హెచ్చరిక. దక్షిణాది హోటళ్ళలో కాలర్డ్స్, గ్రీన్ బీన్స్, క్యాబేజీ మెనూలో కూరగాయల కిందే రాసి ఉంటాయి. వాటిలో పంది మాంసమో టర్కీయో ఉండటం అక్కడ మామూలు. శాకాహారులు, శనివారాలు పాటించేవాళ్ళు, పంది మాంసం తిననివాళ్ళు తప్పకుండా అడిగి తెలుసుకోండి. "మాంసం ముక్కలున్నాయా" అని అడిగితే లేవంటారు. "దేనితో ఉడికించారు" అని అడగండి.

ఇంట్లో మాంసం లేకుండా చేసుకుంటే నూనె నాలుగు టేబుల్ స్పూన్లకి పెంచండి, కొవ్వు లేకపోతే ఈ ఆకు గరుగ్గా ఉంటుంది. ఉల్లిపాయలు రెండు తీసుకుని బాగా ఎర్రగా, ఇంకాస్త ఉంటే మాడతాయేమో అనిపించేదాకా వేయించండి. గుప్పెడు ఎండు పుట్టగొడుగులు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు వడకట్టి వాటితో సహా వేయండి. ఒక టేబుల్ స్పూను సోయాసాస్, ఒకటిన్నర టీస్పూను స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన మిరప పొడి) వేయండి. పాప్రికా మాడితే చేదు కాబట్టి నీళ్ళు పోసే ముందు క్షణమే వేయాలి. ఈ రసం అరగంట మరిగితే చాలు.

పాప్రికా దొరక్కపోతే మన బిర్యానీల్లో పెట్టే బొగ్గు పొగే. కూర దించాక మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, ఎర్రగా కాలిన బొగ్గు ముక్క అందులో వేసి, చుక్క నెయ్యి వేసి, మూత గట్టిగా మూసి ఐదు నిమిషాలుంచండి. మామూలు కట్టెబొగ్గే వాడండి, త్వరగా అంటుకోవడానికి రసాయనాలు పట్టించిన బొగ్గు వద్దు. కిటికీలు తీసే ఉంచండి. అమెరికా ఇళ్ళల్లో స్మోక్ అలారం కింద మాత్రం ఈ పని చేయొద్దు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉంటే

కాలర్డ్ పేరుతో మన బజార్లో దొరకదు. కశ్మీరీలు వండే హాక్ ఈ ఆకే, కానీ అది మనదాకా రాదు. పెద్ద సూపర్ మార్కెట్లలో కేల్ దొరుకుతుంది, ఈ పద్ధతికి సరిపోతుంది, అరగంటలో ఉడుకుతుంది. అంతకంటే చవగ్గా, నా లెక్కన ఇంకా బాగా కుదిరేవి నూల్‌కోల్ ఆకులు. కూరగాయల బండివాళ్ళు చాలామంది వాటిని తుంచి పారేస్తారు. ముందురోజు చెప్పి ఉంచండి, ఇస్తారు. క్యాలీఫ్లవర్ చుట్టూ ఉండే లేత ఆకులు, క్యాబేజీ పై ముదురాకులు కలిపినా పర్వాలేదు. పాలకూర, తోటకూర మాత్రం వద్దు, ఇంతసేపు అవి ఆగలేవు.

పళ్ళెంలోకి

కొత్త సంవత్సరం రోజున దక్షిణాదిలో అలసందలు, కాలర్డ్ గ్రీన్స్, కార్న్‌బ్రెడ్ కలిపి తింటారు. అలసందలు నాణేలకీ, ఆకు డాలర్ నోట్లకీ, కార్న్‌బ్రెడ్ బంగారానికీ గుర్తని చెబుతారు. మన ఉగాది పచ్చడిలాగే, ఆ రోజు ఒక్క ముద్దైనా తినకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. సౌత్ కరొలైనా అయితే 2011లో కాలర్డ్‌ని రాష్ట్ర కూరగాయగా చట్టమే చేసుకుంది.

కార్న్‌బ్రెడ్‌కి ఒకటిన్నర కప్పు మొక్కజొన్న పిండి, ఒకటింపావు కప్పు మజ్జిగ, ఒక గుడ్డు, టీస్పూను బేకింగ్ పౌడర్, అర స్పూను చొప్పున సోడా, ఉప్పు, మూడు టేబుల్ స్పూన్ల కరిగిన వెన్న కలపండి. ఇనప పెనం ఓవెన్‌లో బాగా కాలాక నూనె రాసి, ఈ పిండి పోసి, 220 డిగ్రీల సెల్సియస్‌లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ఇండియాలో కార్న్ ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్ల పొడి దీనికి పనికిరాదు. రొట్టెలకి వాడే పసుపుపచ్చ పిండి కావాలి, కాస్త గరుగ్గా ఉంటే ఇంకా మంచిది.

ఆ రొట్టెని రసంలో ముంచి తినాలా, చిదిమి కలుపుకోవాలా అని 1931లో పెద్ద వాదనే నడిచింది. లూసియానా గవర్నర్ హ్యూయీ లాంగ్ ముంచాలన్నారు, అట్లాంటా పత్రిక ఒకటి చిదమాలంది. రెండు పక్షాల మాటా విన్నాక నేను అన్నంలోనే కలుపుకుంటాను. వేడి అన్నం, పైన రెండు గరిటెల రసం, నాలుగు చుక్కల పెప్పర్ వెనిగర్, పక్కన ఆకు.

ఇంట్లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వేసుకుంటుంటే డాక్టర్ని అడక్కుండా ఇది పెట్టకండి. ఈ ఆకులో విటమిన్ కె చాలా ఎక్కువ, ఒక్కసారిగా తింటే మందు పనితీరు మారుతుంది.

మిగిలితే

రెండోరోజు రుచి ఇంకా బాగుంటుంది, అందుకే నేను జనవరి 1 కోసం డిసెంబర్ 31 సాయంత్రమే వండేస్తాను. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది. ఆకు అయిపోయి రసం మిగిలిందనుకోండి, వడకట్టి డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత ఎప్పుడైనా రాత్రి నానబెట్టిన అలసందల్ని నీళ్ళకి బదులు ఆ రసంలో ఉడికించండి. ఉప్పు మాత్రం ముందు రుచి చూశాకే.